ఏడో కట్ట, నలభై ఒకటో గొంతు

ఉద్యోగ విరమణకు మూడేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ మొదటి వారంలో, నంద్యాలలో నేను పనిచేస్తున్న ఇంజనీరింగ్ కళాశాలవారు నన్ను ఒక పరిశోధన ప్రాజెక్టుకు ప్రధాన పరిశోధకుడిగా నియమించారు. ప్రధాన పరిశోధకుడంటే పని అంతా తానే చేసేవాడని కాదు. పని చేసేది ఎక్కువగా పరిశోధక విద్యార్థులే. ఏదైనా తేడా వస్తే సంతకం ఎవరిదని అడిగినప్పుడు లేచి నిలబడవలసినవాడు ప్రధాన పరిశోధకుడు. అప్పటికి కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఆచార్యుడిగా పద్నాలుగేళ్లు గడిచినా ఆ తేడా నాకు సరిగా తెలిసింది ఆ ప్రాజెక్టులోనే.

పని ఇది. ఫోన్‌లో ఆరోగ్య సలహాలు ఇచ్చే ఒక సేవ ఉండేది. ఫోన్ చేసేవారు ఎక్కువ, సలహా ఇచ్చేవారు తక్కువ. అందువల్ల వచ్చిన కాల్‌ను ముందు యంత్రం విని, ఏది ఆగగలదో ఏది ఆగలేదో వేరుచేసి వరుసలో పెట్టాలి. అలాంటి యంత్రం ఒకటి వారి దగ్గర అప్పటికే ఉంది కానీ అది కోస్తా గొంతుల మీద, హైదరాబాదు గొంతుల మీద నేర్చుకున్నది. మా వైపు కాల్స్ వస్తే తికమకపడేది. ఆసుపత్రి ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగిన మనిషిని అత్యవసరం కింద పెట్టేది, ఎందుకంటే ఆయన గట్టిగా అడిగాడు. దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాది తెనాలి వైపు. నంద్యాల వచ్చిన కొత్తలో టీ కొట్టు ఆయన "ఏందప్పా, యాడికి పోతాండావ్?" అంటే నాతో పోట్లాటకు వచ్చాడేమో అనుకున్నవాణ్ని.

యంత్రానికి నేర్పాలంటే ముందు మనుషులు విని చెప్పాలి. దాన్ని మేము ట్యాగింగ్ అంటాం. కాల్‌లో ఫోన్ చేసినవారి మాటలను మాత్రమే కత్తిరించి ఒక్కో ముక్కను క్లిప్ అంటాం. పేరు, ఊరు, ఫోన్ నంబరు వినబడే చోట శబ్దం తీసేస్తాం. యాభై క్లిప్పులు ఒక కట్ట. ప్రతి క్లిప్పునూ ఇద్దరు విడివిడిగా విని సమాచారం, మామూలు, తొందర, అత్యవసరం అనే నాలుగింటిలో ఒకటి గుర్తు పెట్టాలి. ఒకరు పెట్టింది మరొకరికి కనబడకూడదు, ఇద్దరూ మాట్లాడుకోకూడదు. తర్వాత ఇద్దరి గుర్తులనూ పోల్చి, యాదృచ్ఛికంగా కలిసేవాటిని మినహాయించి, ఏకీభావం ఎంతో లెక్కకడతాం. అది మరీ తక్కువైతే మా సూచనల్లో స్పష్టత లేదని అర్థం. మరీ ఎక్కువైతే ఎవరో ఎవరినో చూసి రాశారని అర్థం.

ఆ ఇద్దరిలో ఒకరు షంషాద్. నంద్యాల అమ్మాయి, డిగ్రీ చదివింది, మా ప్రయోగశాలలోనే కూర్చుని పనిచేసేది. రెండో ఆమె ఓబులమ్మ. ఆళ్లగడ్డలో ఉండేది, ముప్పై దాటిన వయసు, ఇంట్లో రవికలు కుడుతూనే దూరవిద్యలో బి.ఏ. పూర్తి చేసింది. మేము ఇచ్చిన ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లతో ఇంటి నుంచే వినేది. వీళ్లిద్దరి పనిని చూసుకునేవాడు ఇంతియాజ్. నా దగ్గర పీహెచ్.డి. నాలుగో ఏట ఉన్నాడు. ఆ మరుసటి జనవరిలో ఒక పెద్ద సదస్సుకు పంపబోయే పత్రం మీదే అతని సిద్ధాంత గ్రంథం ఆధారపడి ఉంది.

ఏడో కట్టలో నలభై ఒకటో క్లిప్ గురించి చెప్పాలి. ఒక స్త్రీ గొంతు. తొందర లేదు, ఏడుపు లేదు. పక్కింటావిడతో కూర ఏం వండావని అడిగినట్టు ఉంటుంది. "ఏం ల్యాదు సార్. సంక కింద రోంత గడ్డ మాదిరి తగుల్తాండాది. నొప్పేం ల్యాదు. మిరప కోతలు అయినాక చూపిచ్చుకుంటే సరిపోతాది గదా?" అవతలివారు ఎంతకాలంగా అని అడిగి ఉంటారు. కొంచెం ఆగి, "ఏడాదైంటాది" అంటుంది. అంతటితో క్లిప్ అయిపోతుంది. సలహాదారు ఏం చెప్పారో మాకు ఇచ్చిన డేటాలో లేదు.

నేను, ఇంతియాజ్ విన్నప్పుడు దాన్ని మామూలు అనుకున్నాం. ఓబులమ్మ, షంషాద్ ఇద్దరూ అత్యవసరం అని పెట్టారు. మా పరిశోధన మొత్తం ఆ ఒక్క క్లిప్పులో ఉందని నాకు అనిపించింది. ఈ ప్రాంతంలో గట్టిగా అరిచేవారికి పెద్ద కష్టం లేకపోవచ్చు, మెత్తగా మాట్లాడితే భయపడాలి. అక్టోబరులో మా విభాగం సెమినార్ హాల్లో ఆ క్లిప్పును వినిపించాను. ఇది మామూలు అనుకునేవారు చెయ్యెత్తండి అంటే హాల్లో సగానికి పైగా చేతులు లేచాయి. స్థానికంగా విన్న ఇద్దరు దీన్ని అత్యవసరం అన్నారని చెప్పగానే హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు నాకు చాలా సంతృప్తిగా ఉంది. దాచవలసిన అవసరం లేదు కాబట్టి చెబుతున్నాను.

నవంబరులో ఇంతియాజ్ ఏకీభావపు లెక్కలు పట్టుకొచ్చాడు. మిగిలిన కట్టలన్నిటిలో ఇద్దరి మధ్య తేడాలు ఉండవలసినంత ఉన్నాయి. ఏడో కట్టలో మాత్రం నలభై ఒకటో క్లిప్ నుంచి చివరిదాకా ఒక్క తేడా లేదు. ఓబులమ్మ గుర్తు పెట్టిన నిమిషానికో రెండు నిమిషాలకో షంషాద్ అదే గుర్తు పెట్టింది.

"చూసి రాసినారు సార్" అన్నాడు ఇంతియాజ్.

"చూడడానికి వీల్లేదు కదా. ఒకరి తెర మరొకరికి కనబడదు."

"అదే సార్ నాకూ అర్థం కాల్యా."

నాకూ అర్థం కాలేదు. చూసి రాసేవారు మొదటి నుంచీ రాస్తారు, లేదా కష్టమైనచోట రాస్తారు. ఒక కట్ట మధ్యలో మొదలుపెట్టి అదే కట్ట చివర మానేయడం ఏమిటి? షంషాద్‌ను పిలిచాను. ఆ అమ్మాయి లోపలికి వస్తూనే తల దించుకుంది.

"ఫోన్లో మాట్లాడుకున్న్యాం సార్. ఆ పొద్దు ఒగ్గదినమే. ఓబులమ్మక్క ఏడుస్తా ఫోన్ చేసింది. ఒంటిగా వినల్యాను, నువ్వు లైన్లో ఉండు అనింది. ఆ కట్ట అయ్యేదాంకా ఉన్న్యా."

ఎందుకు ఏడ్చిందని అడిగాను. షంషాద్ ఇంతియాజ్ వైపు చూసి, నా వైపు చూసి, నెమ్మదిగా చెప్పింది. "ఆ గొంతు ఎవురిదో ఆయక్కకు తెలుసంట సార్."

మరునాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారి పొడుగునా ఏ తప్పును విచారించడానికి వెళ్తున్నానో నాకే తేలలేదు. ఇద్దరు మాట్లాడుకున్నారు, అది పద్ధతి తప్పడం. గొంతు గుర్తుపట్టారు, అది ఎవరి తప్పు? చెవులు ఉండడం తప్పు కాదు. పేర్లు తీసేశాం కాబట్టి ఎవరూ గుర్తుపట్టలేరని నైతిక పరిశీలన సంఘానికి రాసిచ్చింది నేను. మనుషుల సమాచారంతో చేసే ఏ పరిశోధనకైనా ఆ సంఘం అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తులో "గుర్తించలేని విధంగా మార్చిన డేటా" అనే మాట కింద నా సంతకం ఉంది.

ఓబులమ్మ కుట్టుమిషను పక్కకు జరిపి నాకు కుర్చీ వేసింది. అడగకముందే చెప్పింది.

"ఔ సార్. గుర్తుపట్టినా. మాకు వదిన వరస. చిన్నప్పటి సంది వింటాండా ఆ గొంతు. పేరు తీసేసినారు గానీ సార్, మనిషి ఆడనే ఉండాది."

ఎవరు అని నోటిదాకా వచ్చింది. అడిగితే నేనూ నిబంధన దాటినట్టే. "పేరు చెప్పవద్దు" అన్నాను. ఆమె విచిత్రంగా చూసింది.

ఆగస్టులో ఆ క్లిప్ విన్న రోజు సాయంత్రమే ఓబులమ్మ ఆ ఇంటికి వెళ్లింది. విన్నానని చెప్పలేదు. "నీ మొగం బాగల్యాదు వదినా, ఒగసారి కర్నూలు పోయి చూపిచ్చుకుందాం పా" అని పట్టుబట్టింది. రెండు రోజులు వెంటపడిందట. మూడో రోజు ఆమె ఏడ్చి ఒప్పుకుందట. కర్నూలులో పరీక్షలు చేసి, సెప్టెంబరులో ఆపరేషన్ చేశారు.

"మీరు సంతకం పెట్టిన కాగితంలో, విన్నది ఎవరికీ చెప్పకూడదని ఉంది" అన్నాను.

"ఉండాది సార్, చదివినా. ఎవురికీ చెప్పల్యా. వాళ్లింటాయనకు గూడా చెప్పల్యా. ఆమె మాట ఆమెకే చెప్పకూడదని దాంట్లో ల్యాదు గదా?"

ఆ కాగితం రాసింది నేనే. తిరిగి వచ్చాక రెండుసార్లు చదివాను. నిజంగానే లేదు.

బయలుదేరుతూ, ఇంత జరిగాక ఆ వదినకు నిజం తెలియడం న్యాయమని ఓబులమ్మతో అన్నాను. అలా అనడం సరైనదో కాదో ఇప్పటికీ చెప్పలేను. డిసెంబరు రెండో వారంలో ఒక స్త్రీ మా విభాగానికి వచ్చి, గొంతుల సార్ యాడుంటాడని అటెండరును అడిగింది.

ఆమె పేరు రాయను. ఇక్కడ సుంకమ్మ అంటాను, అది ఆమె పేరు కాదు. భర్త చేసే పని కూడా రాయను, అది చెబితే వీధి తెలిసిపోతుంది. ఎడమ చేతిని ఒంటికి ఆనించి పట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆమె నోరు విప్పగానే నేను గుర్తుపట్టాను. ఆ గొంతును నేను ఇరవై సార్లయినా విని ఉంటాను. మనిషిని చూడడం అదే మొదలు.

"నా మాటలు మీకాడ ఉండాయంట?"

ఉన్నాయని చెప్పాను. కాల్ మొదట్లో ఒక ప్రకటన వస్తుందని, మీ సంభాషణ సేవల మెరుగుదల నిమిత్తం నమోదు చేయబడుతుందని అందులో ఉంటుందని, అది విన్నాక లైన్లో కొనసాగడాన్ని సమ్మతిగా తీసుకుంటామని వివరించాను.

"విన్న్యా. నమోదు అంటే డాకట్రు బుక్కులో రాసుకుంటాడనుకున్న్యా. మల్ల ఆస్పత్రికి పోతే నా సంగతి తెల్సుండాల గదా. అందుకని సరే అనుకున్న్యా."

తర్వాత ఆమె అడిగింది.

"ఎంతమంది విన్న్యారు సార్?"

మా ట్యాగింగ్ చేసే ఇద్దరు, ఇంతియాజ్, నేను అని నలుగురి లెక్క చెప్పి ఊరుకోవచ్చు. సెమినార్ సంగతి ఆమెకు తెలిసే మార్గం లేదు. అయినా చెప్పాను. నలభై మంది దాకా ఒక హాల్లో విన్నారని, వినిపించింది నేనేనని.

"మొగోళ్లా?"

"అందరూ ఉన్నారమ్మా."

ఆమె కోపం తెచ్చుకోలేదు. గొంతు పెంచలేదు. మా పరిశోధన ప్రకారమే అది ఎంత తీవ్రమైన విషయమో నాకు అర్థమైంది. "మా ఇంటాయనకు చెప్పల్యాక, ఎవురో తెలియని మనిషయితే సిగ్గుండదు గదా అని ఫోన్ చేసినా సార్. ఒగరికి చెప్పినా. మీరు సంతలో పెట్టినారు."

క్షమించమని అడిగాను. ఆమె తన మాటలు తీసేయమంది. తీసేస్తానన్నాను. కానీ యంత్రం అప్పటికే వాటి మీద నేర్చుకుంది. ఆ సంగతీ దాచకుండా, వీలైనంత సులువుగా చెప్పాను.

"ఇంగ తీసేస్తే ఏం లాభం? నేర్సుకున్న్యాది మర్సిపోతాదా?"

నేర్చుకున్న యంత్రం నుంచి ఒకరి సమాచారాన్ని మాత్రమే మరిపించడం మా రంగంలో పెద్ద పెద్దవాళ్లు కుస్తీ పడుతున్న సమస్య. దానికి ఇంకా నికరమైన జవాబు లేదు. ఆమె మాత్రం ఔననో కాదనో చెప్పమన్నట్టు నిలబడి ఉంది. మొదటి నుంచి మళ్లీ నేర్పించడం ఒక్కటే నమ్మకమైన దారి అన్నాను. "అట్లే చేయండి" అంది.

వెళ్లేముందు ఓబులమ్మ ప్రస్తావన నేనే తెచ్చాను. ఆమె వచ్చి చెప్పడం వల్లే ఆసుపత్రికి వెళ్లారు కదా అన్నాను. బహుశా నా మనసుకు కొంత ఊరట కావలసి వచ్చింది.

"ఆయమ్మ రాకముందే పోవల్లనుకున్న్యా. తేదీ గూడా అనుకున్న్యా. ఆయమ్మ ఊరికే తాను చేసినాననుకుంటాంది" అంది సుంకమ్మ. ఓబులమ్మను అడిగితే అది అబద్ధమంది. ఇద్దరిలో ఎవరిది నిజమో తెలుసుకునే ఆధారం నా దగ్గర లేదు. వాళ్లిద్దరూ అప్పటికే మాట్లాడుకోవడం మానేశారు.

ఇంతియాజ్ అభ్యంతరం చెప్పాడు. మళ్లీ మొదటి నుంచి నేర్పించాలంటే ఐదు వారాలు పడుతుంది, జనవరి గడువు దాటిపోతుంది.

"వేల క్లిప్పుల్లో ఒగ్గటి సార్. తీసినా ఉన్న్యా ఫలితంలో తేడా కనపడదు. మీకూ తెలుసు."

నిజం. గణితం అతని వైపే ఉంది. తేడా కనపడనప్పుడు తీసేయడానికి అడ్డేమిటని నేనన్నాను. తేడా లేనిదానికి ఐదు వారాలు ఎందుకని అతనన్నాడు. ఒకే వాక్యాన్ని రెండు వైపుల నుంచి పట్టుకుని లాక్కున్నట్టుంది. చివరికి ప్రధాన పరిశోధకుడి హోదాలో తీసేయమని రాతపూర్వకంగా ఆదేశించాను. పత్రం ఆ సదస్సుకు వెళ్లలేదు. ఇంతియాజ్ పట్టా ఏడాది వెనకబడింది. అతను నాతో మర్యాద తప్పలేదు కానీ ఆ తర్వాత చాలాకాలం నా గదిలో టీ తాగలేదు.

నైతిక పరిశీలన సంఘానికి నివేదిక ఇచ్చాను. మొదటి తప్పు నాది, పేరు తీసేస్తే మనిషి పోతాడని రాయడం. రెండోదీ నాదే, సెమినార్లో వినిపించడం. మూడోది ఓబులమ్మది, విన్నది మనసులో ఉంచుకోకుండా ఆ ఇంటికి వెళ్లడం. సంఘం మూడుసార్లు సమావేశమైంది. ఒక సభ్యుడు ఓబులమ్మను వెంటనే తొలగించాలన్నాడు. వైద్యురాలైన మరో సభ్యురాలు ఆమెకు ప్రశంసాపత్రం ఇవ్వాలంది. రెండూ సబబుగానే వినిపించాయి. ఆళ్లగడ్డ కాల్స్‌ను ఆళ్లగడ్డవారికి వినిపించవద్దని మూడో సభ్యుడు అన్నాడు. అప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఆ మెత్తని మాటలో ఉన్న ఆపదను పట్టుకోగలిగింది ఆ గొంతులు తెలిసినవాళ్లే. గొంతులు తెలిసినవాళ్లకు మనుషులూ తెలుస్తారు. మనుషులు తెలియనివాళ్లకు వినిపిస్తే నాలాగా మామూలు అని పెడతారు.

ఒక మధ్యేమార్గం షంషాద్ చెప్పింది. నందికొట్కూరులో ఇద్దరికి పని నేర్పి ఆళ్లగడ్డ క్లిప్పులు వాళ్లకు, నందికొట్కూరు వైపువి ఓబులమ్మకు ఇద్దామంది. మాట అర్థమయ్యేంత దగ్గర, మనిషి తెలియనంత దూరం. "అయినా సార్, నందికొట్కూరులో ఆయక్కకు చుట్టాలుండరా?" అని తనే అడిగింది. ఉండవచ్చు. ఉంటే ఆ క్లిప్పును ఏ గుర్తూ పెట్టకుండా పక్కన పెట్టాలని నిబంధన చేర్చాం. పక్కన పెట్టినదాంట్లో ఉన్నది అత్యవసరమైతే ఏం చేయాలన్న ప్రశ్నకు సంఘం జవాబు రాయలేదు. ఆ చోటు నిబంధనల్లో ఖాళీగానే ఉంది.

ప్రకటన మార్చాం. కొత్తది ఓబులమ్మ చెప్పగా రాసుకున్నాం: "మీ మాటలు రికార్డు చేస్తాండాం. చదువుకునే పని కోసం ఇంగొకరు గూడా వింటారు. వద్దనుకుంటే రెండు నొక్కండి, అయినా మీకు సలహా చెప్తాం." సేవవారు భాష బాగాలేదని గునిశారు కానీ ఒప్పుకున్నారు. రెండు నొక్కేవారు చాలామంది ఉన్నారు. మాకు వచ్చే డేటా బాగా తగ్గింది. అంతకుముందు అంత డేటా ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఫిబ్రవరిలో సుంకమ్మ మళ్లీ వచ్చింది. కర్నూలులో మందు ఎక్కిస్తున్నారని, అది అయ్యాక బస్సు ఇక్కడ మారాలని, అందుకని దిగానని చెప్పింది. తీసేశారా అని అడిగింది. తెర మీద జాబితా చూపించాను. నలభై తర్వాత నలభై రెండు ఉంది. అంతకుమించి చూపించగలిగింది నా దగ్గర లేదు.

"దీన్ని నమ్మల్లా?"

"నమ్మాలమ్మా" అన్నాను.

ఆమె ఆ అంకెల వైపు కాసేపు చూసి, బస్సుకు టైమైందని వెళ్లింది. ఆరోగ్యం కుదుటపడిందని ఏడాది తర్వాత షంషాద్ ద్వారా తెలిసింది. ఓబులమ్మతో మళ్లీ మాటలు కలిశాయా అని అడిగాను. తెలియదంది.

ఓబులమ్మ చేసింది తప్పా ఒప్పా అని నన్ను చాలామంది యువ పరిశోధకులు అడుగుతుంటారు. నిబంధన ప్రకారం తప్పు. అంతకుమించి నేను తేల్చుకోలేకపోయాను, తేల్చుకున్నట్టు చెప్పడం వారికి మేలు చేయదు. నాకు తేలింది నా వృత్తికి సంబంధించిన ఒక చిన్న విషయమే. ఒక గొంతు ఎవరిదో తెలియకపోవడం ఆ గొంతుకు ఉన్న గుణం కాదు, వినేవాడికి ఉన్న లోటు. ఆ తర్వాత విరమణ దాకా మరి రెండు ప్రాజెక్టులకు దరఖాస్తులు రాశాను. "గుర్తించలేని విధంగా మార్చిన డేటా" అనే మాట మళ్లీ వాడలేదు. ఆ చోట "గుర్తుపట్టడం మాకు చేతకాని డేటా" అని రాశాను. రెండుసార్లూ కార్యాలయం దాన్ని దిద్ది పంపింది. రెండుసార్లూ మళ్లీ అలాగే రాసి సంతకం పెట్టాను.